అన్నానికి ముందు గుప్పెడు పచ్చి ముక్కలు

ప్రశ్న: మేము విజయవాడలో ఉంటాము. నేనూ, మావారూ ఇద్దరమూ ఉద్యోగస్థులమే. పాపకు 11 ఏళ్ళు, బాబుకు 5 ఏళ్ళు. మాతో ఉండే అత్తయ్య గారికి 68 ఏళ్ళు. చాలా కాలంగా షుగర్‌కు మాత్రలు వాడుతున్నారు. వండకుండా తినే ఆహారం మంచిదని విని, రాత్రి భోజనం పూర్తిగా మానేసి దాని బదులు మొలకలు, క్యారెట్, కీర దోస, పండ్లు పెట్టాలని గత నెల మొదలుపెట్టాను. వారం కూడా నడవలేదు. మొలకలు జిగురు పట్టి వాసన వచ్చాయి. పిల్లలు రెండు ముక్కలు తిని, పడుకునే ముందు మళ్ళీ ఆకలి అన్నారు. మావారు ఇది పశువుల మేతలా ఉందన్నారు. రెండో రోజు రాత్రి అత్తయ్య గారికి చెమటలు పట్టి చేతులు వణికాయి. పంచదార నీళ్ళు ఇస్తే కుదుటపడ్డారు. ఉదయం ఏడున్నరకల్లా నాలుగు డబ్బాలు సర్దాల్సిన ఇంట్లో ఇది అసలు కుదిరే పనేనా? నేను చేసిన తప్పు ఏమిటి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు మాట్లాడవలసిన విషయం అత్తయ్య గారి చెమటలు, వణుకు. మీరు రాసిన లక్షణాలను బట్టి అది రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడమే కావచ్చు. కొన్ని రకాల షుగర్ మాత్రలు, ఇన్సులిన్ మనిషి మామూలుగా తినే అన్నాన్ని లెక్కలో పెట్టుకొని నిర్ణయించిన మోతాదులో ఉంటాయి. మాత్ర యథాప్రకారం వేసుకొని, అన్నం మానేసి కీర దోస ముక్కలు తింటే, మందు తన పని తాను చేస్తుంది కానీ దానికి తగిన ఆహారం కడుపులో ఉండదు. మీరు వెంటనే పంచదార నీళ్ళు ఇవ్వడం చాలా మంచి పని. అలాంటప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, పావుగంట తరువాత ఇంట్లో యంత్రం ఉంటే రక్తపరీక్ష చేసి, తగ్గకపోతే మళ్ళీ ఇచ్చి, ఆపైన కొంచెం అన్నమో రొట్టో పెట్టాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. ఆ రాత్రి జరిగినది ఆవిడ వైద్యుడికి తప్పకుండా చెప్పండి. ఇకమీదట ఆవిడ భోజనంలో అన్నమైనా రొట్టె అయినా తగ్గించాలనుకుంటే, ముందు వైద్యుడితో మాట్లాడి మందుల మోతాదు సరిచేయించుకున్న తరువాతే ఆ పని చేయండి.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. మీ ఉద్దేశంలో తప్పు లేదు. పచ్చివాటిని వంటకు బదులుగా పెట్టబోయారు. తోడుగా పెట్టి ఉంటే ఈ వారం ఇలా గడిచేది కాదని నా అభిప్రాయం. పిల్లలకు ఆకలి ఎందుకు వేసిందో ఒక చిన్న లెక్క చెబుతుంది. కిలో కీర దోస మొత్తం తిన్నా వచ్చేది సుమారు 150 కేలరీలు. ఒక కప్పు అన్నంలో దాదాపు 200 ఉంటాయి. అయిదేళ్ళ పిల్లవాడి పొట్ట చిన్నది. దానిని నీరూ పీచూ ఉన్న ముక్కలతో నింపేస్తే, ఎదుగుదలకు కావలసిన శక్తీ మాంసకృత్తులూ పట్టే చోటు మిగలదు. అందువల్ల పిల్లలకు పూర్తిగా వండని భోజనం పెట్టమని నేను ఎన్నడూ చెప్పను.

పెద్దవాళ్ళకు కూడా అది అంత తేలిక కాదనడానికి మన ప్రాంతంతో సంబంధమున్న ఒక అనుభవం ఉంది. గాంధీజీ 1929లో ఆంధ్ర పర్యటనకు వచ్చినప్పుడు రాజమండ్రిలో ప్రకృతి చికిత్స చేస్తున్న గోపాలరావు గారి మాటలు ఆయనను ఆకర్షించాయి. ఆ తరువాత నానబెట్టి మొలకెత్తించిన గోధుమలు, బాదం ముద్ద, నూరిన ఆకుకూర, నిమ్మకాయలు, తేనె వంటివాటితో వండని ఆహారాన్ని తన మీద ప్రయోగించి, ఆ వివరాలన్నీ తన ‘యంగ్ ఇండియా’ పత్రికలో దాపరికం లేకుండా రాశారు. కొన్ని నెలలకే నీరసమూ విరేచనాలూ పట్టుకోవడంతో ఆపేసి, ఆ సంగతి కూడా రాశారు. అంతటి పట్టుదల గల మనిషికే సాగని నియమం మీ ఇంట్లో వారం రోజులకు ఆగిపోయిందని మీరు చిన్నబుచ్చుకోవద్దు.

అయితే పచ్చివాటి అవసరం లేదా అంటే, తప్పకుండా ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2000 కేలరీలు అవసరమైన మనిషి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలి. మన ఇళ్ళలో పావుకిలో బెండకాయలు వేపుడు చేసి నలుగురం పంచుకుంటాము. అంటే మనిషికి 60 గ్రాములు కొంచెం దాటుతుంది. మిగిలిన పళ్ళెమంతా అన్నమే. రోజుకు అయిదు కూరలు వండడం ఉద్యోగం చేసే ఏ ఇల్లాలికీ సాధ్యం కాదు కనుక, ఆ లోటులో కొంత భాగాన్ని పొయ్యి వెలిగించకుండా పూడ్చగలిగేది పచ్చి కూరగాయలూ పండ్లే. పైగా వేడికీ నీటికీ నశించే విటమిన్ సి వాటిలో దక్కుతుంది. వంద గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది ఆడవారికి 65, మగవారికి 80 మిల్లీగ్రాములు మాత్రమే. పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి కూడా ఈ విటమిన్ సాయపడుతుంది కాబట్టి, భోజనంతో పాటు ఒక జామకాయ ముక్కో, పప్పు మీద పిండిన నిమ్మచెక్కో ఉంటే మంచిది.

అలాగని వండితే పోషకాలన్నీ పోతాయనే మాటను నమ్మవద్దు. టమాటా, క్యారెట్‌లకు ఎరుపూ నారింజ రంగులనిచ్చే పదార్థాలు కొంచెం నూనెతో ఉడికినప్పుడే మన ఒంటికి ఎక్కువగా అందుతాయి. తోటకూర, పాలకూర, గోంగూర వండుకునే తినండి. కంద, చేమదుంప పచ్చిగా తింటే గొంతు దురద పెడుతుంది. రాజ్మా గింజల్లో, పచ్చిగా గానీ అరకొరగా ఉడికించి గానీ తింటే వాంతులూ విరేచనాలూ కలిగించే పదార్థం ఉంటుంది. మొలకెత్తించినంత మాత్రాన అది పోదు. రాజ్మా, సోయా గింజలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మెత్తగా ఉడికించవలసినవే.

ఇప్పుడు సమయం సంగతి. మీ ఇంట్లో ఉదయం ఏడున్నర లోపు కొత్త పని చేర్చడానికి చోటు లేదు, చేర్చవద్దు కూడా. డబ్బాలో కడిగిన జామకాయో, అరటిపండో, కమలాపండో కోయకుండా పెట్టండి. ఉప్పు చల్లిన కీర దోస ముక్కలు మధ్యాహ్నానికి నీరు కారి అన్నాన్ని తడిపేస్తాయి, విజయవాడ ఎండకు కోసిన పండు రంగు మారుతుంది. అలాంటి డబ్బా తెరిచిన పిల్లలు మరునాడు అది వద్దంటారు.

మీకు దొరికే మంచి సమయం సాయంత్రం ఏడింటికి. అప్పటికి పిల్లలు ఆకలితో ఉంటారు, కుక్కర్ ఇంకా కూత వేయదు, బిస్కెట్ల డబ్బా మీదికి చేతులు వెళ్ళేది ఆ అరగంటలోనే. మా ఇంట్లో నేను చేసింది ఇదే. బియ్యం కడిగి కుక్కర్ పొయ్యి మీద పెట్టగానే రెండు కీర దోసకాయలు, ఒక క్యారెట్ కోసి, కొంచెం ఉప్పు, మిరియాల పొడి చల్లి, పిల్లలు హోంవర్కు చేసుకునే బల్ల మీద, పుస్తకాలకు కొంచెం ఎడంగా ఆ పళ్ళెం పెట్టేదాన్ని. తినమని అనేదాన్ని కాదు. మొదటి నాలుగు రోజులు ముక్కలు అలాగే వాడిపోయాయి, నేనే తిన్నాను. అయిదో రోజు చిన్నవాడు లెక్క చేస్తూ, పలక నుంచి తల ఎత్తకుండానే ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. ఆ తరువాత కుక్కర్ దించేసరికి పళ్ళెం అడుగున ఉప్పు నీళ్ళే మిగిలేవి. పిల్లలకు కొత్త రుచి అలవాటు కావడానికి పది పదిహేను సార్లు ఎదురుపడవలసి రావచ్చు. వద్దన్న రోజున బతిమాలవద్దు, కోప్పడవద్దు, తిన్న రోజున బహుమతి ఇవ్వవద్దు. పళ్ళెం మాత్రం రోజూ అదే వేళకు అక్కడ ఉండాలి. ముక్కలు కోసే పని పదకొండేళ్ళ మీ పాపకు నేర్పండి. తాను కోసిన ముక్కను తమ్ముడికి తానే తినిపిస్తుంది.

ఆ పళ్ళెమే అత్తయ్య గారికీ పనికివస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళు అన్నానికి ముందు పీచు ఉన్న కూరగాయలు తింటే భోజనం తరువాత చక్కెర పెరిగే వేగం కొంత తగ్గుతుంది. అయితే ఆ తరువాత ఆవిడ తన మామూలు భోజనం చేయాలి. ముక్కలు నమలడం కష్టంగా ఉంటే కీర దోసా, క్యారెట్టూ తురిమి, చిక్కని పెరుగులో కలిపి, పైన ఆవాలూ జీలకర్రా పోపు వేసి ఇవ్వండి. పండు రసాలు మాత్రం వద్దు; పీచు పోయి చక్కెర మిగులుతుంది. కడుపు ఉబ్బరం వస్తే నాలుగు చెంచాలతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో నెమ్మదిగా పెంచండి. మూత్రపిండాల జబ్బు ఉన్నా, రక్తం పలుచబడడానికి మందులు వాడుతున్నా కూరగాయల ఎంపిక మారుతుంది. అది ఆవిడ వైద్యుడే చెప్పాలి.

మీవారు మేత అన్న మాటకు నొచ్చుకోవద్దు. ఉప్పూ కారమూ లేని ముక్కలు మన నాలుకకు రుచించవు, అది ఆయన ఒక్కరి సంగతి కాదు. ఇదే మనిషి పచ్చి ఉల్లిపాయా నిమ్మచెక్కా లేకుండా పలావు తింటారా? పెరుగన్నంలోకి ఉల్లిపాయ కొరుక్కోవడం, ఎండాకాలంలో ముంజలు, ఉగాదినాటి పచ్చడిలో మామిడికాయ ముక్కలు, శ్రీరామనవమికి వడపప్పు, తెలంగాణ ఇళ్ళలో పొయ్యి మీద మరిగించకుండా చింతపండు పులుసులో ఉల్లిపాయలు పిసికి కలిపే పచ్చిపులుసు – ఇవన్నీ వండకుండా తినేవే, మనం ఎవరి దగ్గరో నేర్చుకున్నవి కావు. మీరు వాటినే ఎక్కువసార్లు చేయండి.

ముఖ్యంగా రెండు చెబుతాను. పసుపు పచ్చని దోసకాయను ముందు చిన్న ముక్క కోసి చేదు లేదని రుచి చూసుకొని, చెక్కు తీయకుండా గింజలు తీసేసి, చిన్న చిన్న ముక్కలుగా తరగండి. ఎండుమిర్చి, మినప్పప్పు, ఆవాలు, మెంతులు నాలుగు గింజలు వేయించి, కొంచెం చింతపండు, ఉప్పు చేర్చి రోట్లోనో మిక్సీలోనో బరకగా నూరి, ఆ కారంలో పచ్చి ముక్కలు కలిపేయండి. ముక్క పంటి కింద కరకరలాడుతుంది, కారం అన్నంలోకి దిగుతుంది. మీవారు దీనిని మేత అనరు. రెండోది వడపప్పు. ఆఫీసు నుంచి రాగానే గుప్పెడు పెసరపప్పు కడిగి నీళ్ళలో వేస్తే గంటలో నానుతుంది. నీళ్ళు వంచేసి, కీర దోస తరుగు, పచ్చికొబ్బరి తురుము, ఉన్న రోజుల్లో మామిడికాయ తురుము, సన్నగా తరిగిన పచ్చిమిర్చి కలిపి, నిమ్మకాయ పిండండి. మొలకల కోసం ఒకరోజు ముందే గుర్తుపెట్టుకోవలసిన బాధ ఇందులో లేదు. కొబ్బరిలో ఉన్న కొవ్వు క్యారెట్ రంగులోని పోషకం ఒంటికి పట్టడానికి కూడా తోడ్పడుతుంది.

మీ మొలకలు జిగురు పట్టింది మీ చేతకానితనం వల్ల కాదు, ఎండ వల్ల. నా పెసలకూ ఒక వేసవిలో అదే గతి పట్టింది. స్టీలు డబ్బాలో మూత బిగించి పెట్టి ఆఫీసుకు వెళ్ళాను, సాయంత్రం మూత తీసేసరికి పులిసిన వాసన గుప్పుమంది. గాలి ఆడని చోట, నీరు నిలిచిన చోట మొలకలు పాడవుతాయి. పెసలు రాత్రి నానబెట్టి, ఉదయం రెండుసార్లు కడిగి, నీళ్ళు పూర్తిగా ఓడ్చి, తడి నూలుగుడ్డలో మూటకట్టి చిల్లుల గిన్నెలో ఉంచండి. వేసవిలో సాయంత్రానికే తెల్లని ముక్కు బయటపడుతుంది. అప్పుడే కడిగి ఫ్రిజ్‌లో పెట్టి మరునాటికల్లా వాడేయండి. జిగురుగా తగిలినా, వాసన వచ్చినా పారేయండి. మీ ఇంట్లో బాబుకూ, అత్తయ్య గారికీ మాత్రం మొలకలు ఆవిరి మీద ఉడికించే పెట్టండి. కారణం కింది జవాబులో రాశాను.

శుభ్రత గురించి ఒక్క మాట. పచ్చిగా తినేవాటికి పొయ్యి చేసే రక్షణ ఉండదు. ధారగా పడే నీళ్ళ కింద చేత్తో రుద్ది కడగండి. కొత్తిమీర, పుదీనా వేళ్ళు కోసి, పెద్ద గిన్నెలో నీళ్ళు మారుస్తూ అడుగున మన్ను దిగడం ఆగేదాకా జాడించండి. క్యాబేజీ రేకుల మధ్య మురికితో పాటు పురుగుల గుడ్లు ఉండవచ్చు కనుక, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్ళు దాన్ని వండుకోవడమే మేలని నా సలహా. చేపలూ కోడిమాంసమూ కోసే చెక్క మీద, ఆ కత్తితో సలాడ్ ముక్కలు కోయవద్దు. పచ్చివాటికి వేరే చెక్క, వేరే కత్తి పెట్టుకోండి. ఏటా ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ బడుల్లో, అంగన్‌వాడీల్లో 1 నుంచి 19 ఏళ్ళ పిల్లలకు ఉచితంగా ఇచ్చే నులిపురుగుల మాత్ర మీ పిల్లలిద్దరికీ తప్పకుండా వేయించండి.

మొదటి నెల సాయంత్రం పళ్ళెం ఒక్కటే చేయండి. అది అలవాటయ్యాక వారానికి రెండుసార్లు వడపప్పో, దోసకాయ పచ్చడో చేర్చండి. వంట చేసే ఓపిక లేని రోజున కూడా ఒక్క కీర దోస కోయగలిగితే ఆ రోజుకు చాలు.

ప్రశ్న: మా అమ్మాయి అయిదో నెల గర్భంతో పుట్టింటికి వచ్చింది. రోజూ ఉదయం పచ్చి మొలకలు, సలాడ్ తినమని స్నేహితురాలు చెప్పిందట. పెట్టవచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: మొలకలు పెట్టండమ్మా, కానీ పచ్చివి వద్దు. గింజ మొలకెత్తడానికి కావలసిన వెచ్చదనమూ తడీ సూక్ష్మక్రిములు పెరగడానికి కూడా సరిగ్గా సరిపోతాయి. క్రిమి గింజ పగుళ్ళలో ఉంటే పైపైన కడిగినా పోదు. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా వ్యాపించిన ఒక రకం ఈ-కోలై అనే క్రిమి వల్ల 3,800 మందికి పైగా జబ్బుపడగా, 50 మందికి పైగా మరణించారు. అక్కడ శుభ్రత లేక కాదు, గింజలతోనే క్రిమి వచ్చింది. గర్భిణులు, అయిదేళ్ళ లోపు పిల్లలు, వయసు మళ్ళినవాళ్ళు, దీర్ఘవ్యాధులు ఉన్నవాళ్ళు ఇలాంటి జబ్బును తట్టుకోలేరు. ఇడ్లీ పాత్రలో పెట్టి లోపలిదాకా వేడెక్కి మెత్తబడేవరకు ఆవిరి పట్టి, దించాక నిమ్మరసం పిండి, వేడివేడిగా పెట్టండి. విటమిన్ సి కొంత తగ్గినా మాంసకృత్తులు, ఇనుము ఎక్కడికీ పోవు; తగ్గినది నిమ్మరసం భర్తీ చేస్తుంది.

కీర దోస, క్యారెట్ వంటివి బాగా కడిగి, చెక్కు తీసి, కోసిన వెంటనే తినవచ్చు. మన్ను అంటిన కూరగాయల విషయంలో ఇప్పుడు మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే మట్టి ద్వారా సోకే కొన్ని క్రిములు కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి. అరటి, కమలా, బత్తాయి, దానిమ్మ – తొక్క తీసి తినే పండ్లన్నీ మంచివే. పచ్చి బొప్పాయి వద్దు. బయట బండ్ల మీద కోసి పెట్టిన పండ్ల ముక్కలు, అక్కడి రసాలు ప్రసవం అయ్యేదాకా మానిపించండి. భోజనం కాగానే టీ తాగే అలవాటు ఉంటే గంటసేపు ఆగమనండి. టీ వల్ల ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది.

ప్రశ్న: మా నాన్నగారు ఉదయం నడకకు వెళ్ళినప్పుడు పార్కు బయట పచ్చి సొరకాయ రసం తాగుతున్నారు. ఎంత చేదుగా ఉంటే అంత మంచిదని అక్కడివాళ్ళు చెబుతున్నారట. నిజమేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ఆ మాట చాలా ప్రమాదకరమైనది, ఈ రోజే నాన్నగారికి చెప్పండి. సొరకాయ చేదుగా ఉన్నదంటే అందులో కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం ఎక్కువగా ఉన్నట్లే. చేదు సొర రసం తాగి రక్తపు వాంతులతో ఆస్పత్రి పాలైనవాళ్ళు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు మన దేశంలో ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల బృందం దీనిని పరిశీలించి, చేదుగా ఉన్న రసం తాగకూడదని, మరే రసంతోనూ కలిపి తాగకూడదని స్పష్టంగా చెప్పింది. ఈ విషానికి విరుగుడు మందు లేదు. కాకర చేదు వేరు, సొర చేదు వేరు. కాకర, ఉసిరి, అల్లం రసాలు కలిపి అమ్మే చోట సొరకాయ చేదు నాలుకకు తెలియకుండా పోతుంది కాబట్టి, అలాంటి మిశ్రమాలు పూర్తిగా మానమనండి.

ఒకవేళ తాగిన తరువాత వికారం, వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు మొదలైతే ఇంటి వైద్యాలతో ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళి, సొరకాయ రసం తాగిన సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి. నాన్నగారికి సొరకాయ ఇష్టమైతే ఇంట్లోనే వండిపెట్టండి. కోసేటప్పుడు తొడిమ వైపు నుంచి చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసి ఉమ్మేయండి. చేదు తగిలితే కాయ మొత్తం పారేయండి, వండినా ఆ చేదు పోదు. తగలకపోతే పప్పులో వేయండి, పాలు పోసి కూర చేయండి.